గల్లాపెట్టె వెనుక మనసు

స్మారకోపన్యాసానికి ఒప్పుకున్న వక్త మీద రెండు బాధ్యతలు పడతాయి. ఎవరి పేరిట సభ జరుగుతోందో వారి వ్యాపకానికి దగ్గరి విషయం ఎంచుకోవాలి. దాని మీద ముఖప్రీతి మాటలు మాని నిక్కమైన మాటలు నాలుగు చెప్పాలి. వర్తకాన్ని వృత్తిగా, లెక్కను నియమంగా పాటించిన తరానికి చెందినవారి పేరిట ఈ ధర్మనిధి ఏర్పడింది. అందుకే చిన్న వ్యాపారంలో మనసు వేసే తప్పుడు లెక్కల గురించి మాట్లాడదామనుకున్నాను.

ఈ విషయం మీద బజార్లో పుస్తకాలకు, శిక్షణ తరగతులకు కొదవ లేదు. అవి దాదాపు అన్నీ ఒకే దిక్కుకు చూస్తాయి. కొనేవాడి మనసులో ఏ బలహీనత ఉంది, దాన్ని ఎలా తట్టి లేపాలి, ధర ఎలా రాస్తే చెయ్యి జేబులోకి పోతుంది అని నేర్పుతాయి. అమ్మేవాడు మాత్రం ఆ బలహీనతలకు అతీతుడైనట్టు, బల్లకు అవతల నిలబడి తాళ్లు లాగుతున్నట్టు ఊహిస్తాయి. నేను చెప్పదలచుకున్నది దీనికి ఎదురు మాట. చిన్న వ్యాపారంలో మనసు మొగ్గుల వల్ల ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది యజమానే. కొనేవాడి మొగ్గును వాడుకుని యజమాని గడించేది కొద్ది. తన మొగ్గు తనకు కనపడక పోగొట్టుకునేది అంతకంటే ఎక్కువ. పైగా ఇతరుల మీద వేసిన ఎర తరచూ తన గొంతుకే తగులుకుంటుంది. దీనికి మందు తెలివితేటలు పెంచుకోవడంలో లేదు, లెక్కను తల నుంచి తీసి కాగితం మీద పెట్టడంలో ఉంది.

ముందు మనసు మొగ్గులను పరిశీలించే ఈ శాస్త్రం ఎక్కడి నుంచి వచ్చిందో క్లుప్తంగా చెబుతాను. అర్థశాస్త్రం ఊహించుకున్న మనిషికి అన్ని దారులూ తెలుసు, అన్నింటినీ తూచి మేలైనది ఎంచుకుంటాడు. నిజం మనిషికి అంత తీరికా, అంత సమాచారమూ ఉండవని, సరిపోయేది దొరకగానే వెతకడం మానేస్తాడని హెర్బర్ట్ సైమన్ 1955లో వాదించాడు. తరువాత ఏమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానమన్ ఇంకో అడుగు వేశారు. మనిషి పొరపాట్లు చెల్లాచెదురుగా ఉండవు, ఒకే వైపుకు ఒరుగుతాయి అన్నారు. 1974లో ‘సైన్స్’ పత్రికలో వారు రాసిన ప్రయోగం ఒకటి అందరికీ తెలిసిందే. ఐక్యరాజ్యసమితి సభ్యదేశాల్లో ఆఫ్రికా దేశాలు ఎంత శాతమని అడిగే ముందు జనం కళ్లెదుట ఒక చక్రం తిప్పారు. చక్రం 10 దగ్గర ఆగినప్పుడు జవాబులు 25 చుట్టూ, 65 దగ్గర ఆగినప్పుడు 45 చుట్టూ వచ్చాయి. చక్రానికీ ఆఫ్రికాకూ ఏ సంబంధమూ లేదు. అయినా మొదట కంటబడిన అంకె మనసును అక్కడికి కట్టేసింది. 1979లో వారిద్దరే మరో సంగతి తేల్చారు: వంద రూపాయలు వస్తే కలిగే సంతోషం కంటే వంద పోతే కలిగే బాధ చాలా పెద్దది. సుమారు రెండింతలని తరువాతి అంచనాలు. ట్వెర్‌స్కీ 1996లో పోయాడు. కానమన్‌కు 2002లో, ఈ ఆలోచనను బజారు దాకా తెచ్చిన రిచర్డ్ థేలర్‌కు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది.

కొనేవాడి వైపు ఇవి పనిచేస్తాయా అంటే, చేస్తాయి. మన బజారుకు ఈ సంగతి ఏ ప్రయోగశాలా చెప్పనక్కరలేదు. 499, 999 లాంటి అంకెలను బాటా రేటు అని ఎగతాళి చేసే మనమే ఆ రేటుకే కొంటున్నాం. అమెరికాలో ఎరిక్ ఆండర్సన్, డంకన్ సిమెస్టర్ 2003లో ప్రచురించిన పరిశోధనలో ఒకే దుస్తును మూడు కేటలాగుల్లో 34, 39, 44 డాలర్లకు చూపారు. 39 దగ్గర అమ్ముడైనన్ని 34 దగ్గర కూడా అమ్ముడుపోలేదు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి బట్టల కొట్లకు గిరాకీ పడిపోతుంది. ఆ ఖాళీ పూడ్చడానికి పుట్టిన ఆషాఢం డిస్కౌంట్లు ఈనాడు తెలుగు పట్టణాల్లో పండుగంత సందడి. అక్కడ అడ్డగీత కొట్టిన పాత ధర చేసే పని ట్వెర్‌స్కీ చక్రం చేసిన పనే. కూరగాయలు తూచిన తరువాత సంచిలో వేసే కరివేపాకు రెబ్బ, గుప్పెడు పచ్చిమిర్చి చూడండి. బిల్లులో రెండు రూపాయలు తగ్గిస్తే ఎవరూ గుర్తుపెట్టుకోరు. కొసరు వేస్తే రేపు అదే బండి దగ్గరికి వస్తారు. లాభాలను కలిపి చూపడం కంటే విడివిడిగా చూపితే మనసుకు ఎక్కువ తృప్తి అని థేలర్ 1985లో రాసినది మన రైతుబజారులో రోజూ నడిచే వ్యవహారం.

అయితే ఈ ఉపాయాల బలాన్ని ఉన్నదానికి మించి చెప్పుకుంటున్నాం. షీనా అయ్యంగార్, మార్క్ లెపర్ 2000లో ప్రచురించిన జామ్ ప్రయోగాన్ని మార్కెటింగ్ పాఠాలన్నీ ఏకరువు పెడతాయి. కాలిఫోర్నియాలో ఒక కొట్లో 24 రకాల జామ్ పెట్టినప్పుడు ఆగి చూసినవారిలో 3 శాతం, 6 రకాలే పెట్టినప్పుడు 30 శాతం కొన్నారు. రకాలు తగ్గిస్తే అమ్మకం పెరుగుతుందన్న సూత్రం అక్కడ పుట్టింది. పదేళ్ల తరువాత, 2010లో, అలాంటి ప్రయోగాలు అనేకం కలిపి లెక్కగట్టిన పరిశోధకులకు సగటు ప్రభావం దాదాపు సున్నా అని తేలింది. కొన్నిచోట్ల రకాలు తగ్గిస్తే మేలు, కొన్నిచోట్ల కీడు. ఆ సూత్రాన్ని నమ్మి ఒక కిరాణా యజమాని అల్మారా సగం ఖాళీ చేస్తే పక్కవీధి కొట్టుకు మేలు చేసినవాడవుతాడు.

ఇంకో హద్దు న్యాయబుద్ధి. కానమన్, జాక్ నెట్ష్, థేలర్ 1986లో ప్రచురించిన సర్వేలో కెనడా జనాన్ని ఒక ప్రశ్న అడిగారు. మంచు తుపాను మర్నాడు ఇనుప సామాన్ల కొట్టువాడు 15 డాలర్ల పారను 20 చేశాడు, సబబేనా అని. 82 శాతం మంది అన్యాయమన్నారు. గిరాకీ పెరిగితే ధర పెరగడం పాఠ్యపుస్తకంలో సహజం, వీధిలో ద్రోహం. 2020 మార్చిలో మాస్కులకు, శానిటైజర్లకు కేంద్ర ప్రభుత్వం గరిష్ఠ ధరలు నిర్ణయించాల్సి వచ్చినప్పుడు మనమూ ఇది చూశాం. హైవే మీద ఒక్కసారి వచ్చి పోయేవాడికి అమ్మేవాడి సంగతి వేరు. అదే వీధిలో ఇరవయ్యేళ్లు అమ్మాల్సినవాడు కొనేవాడి మనసుతో ఆడే ఆటకు తిరుగు లెక్క ఉంటుంది, అది ఆలస్యంగా వస్తుంది.

ఇక బల్లకు ఇవతలికి వద్దాం. పెద్ద సంస్థలో సరుకు కొనేవాడు ఒకడు, ధర పెట్టేవాడు ఒకడు, లెక్క చూసేవాడు ఇంకొకడు. ఒకడి ఉత్సాహానికి మరొకడి అనుమానం అడ్డు. చిన్న వ్యాపారంలో ఈ పనులన్నీ ఒకే తల చేస్తుంది. వ్యవసాయేతర అసంఘటిత రంగంలో 2023–24 నాటికి సుమారు 7 కోట్ల 34 లక్షల సంస్థలు ఉన్నాయని జాతీయ గణాంక కార్యాలయం సర్వే చెబుతోంది. వాటిని నమ్ముకుని 12 కోట్ల మంది పనిచేస్తున్నారు. ఆ సంస్థల్లో అత్యధికం జీతానికి ఒక్క మనిషిని కూడా పెట్టుకోనివి. అంటే దేశంలోని అత్యధిక వ్యాపారాల్లో యజమాని నిర్ణయాన్ని ప్రశ్నించే రెండో మనిషి ఆ వ్యాపారంలో లేడు. ఇంట్లోవాళ్లు ప్రశ్నిస్తే ‘మీకు తెలియదు ఊరుకోండి’ అనే జవాబు సిద్ధంగా ఉంటుంది.

డిస్కౌంటుతోనే మొదలుపెడదాం, ఎందుకంటే ఎర వేసినవాడికే గాలం తగలడం అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. వంద రూపాయల అమ్మకంలో 25 రూపాయలు మార్జిన్ ఉన్న కొట్టు పది శాతం తగ్గించి అమ్మిందనుకుందాం. చేతికి మిగిలేది 25 నుంచి 15కు పడింది. పాత లాభమే రావాలంటే అమ్మాల్సిన సరుకు దాదాపు 67 శాతం పెరగాలి. ఇరవై శాతం తగ్గిస్తే మిగిలేది ఐదు రూపాయలు. అప్పుడు ఐదింతలు అమ్మాలి. ఈ లెక్క ఐదో తరగతి పిల్లవాడు వేస్తాడు. అయినా సేల్ ముగిశాక చాలా కొట్లలో వినిపించే మాట ‘ఈసారి జనం విరగబడ్డారు’ అనే. జనం కంటికి కనిపిస్తారు, కౌంటర్ ముందు వరుస కనిపిస్తుంది, గల్లాపెట్టె నిండటం కనిపిస్తుంది. తరిగిన మార్జిన్ కంటికి కనిపించదు. తేలిగ్గా గుర్తొచ్చేదాన్నే పెద్దదిగా ఎంచడం మనసు స్వభావం. ఆపై మరో నష్టం: కొనేవాడి మనసు ఇప్పుడు తగ్గించిన ధరకే కట్టుబడింది. శ్రావణంలో పూర్తి ధర చెబితే అది అతనికి పెంచిన ధరలా తోస్తుంది. ఆషాఢం దాకా ఆగడం నేర్చుకున్న ఖాతాదారుడిని తయారుచేసింది కొట్టువాడే.

రెండోది పాత సరుకు. మన చేతిలో ఉన్న వస్తువుకు మనం కట్టే విలువ, అదే వస్తువు కొనాల్సి వస్తే ఇచ్చే ధర కంటే ఎక్కువ ఉంటుంది. కానమన్, నెట్ష్, థేలర్ 1990లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థులకు కాఫీ కప్పులు ఇచ్చి ఎంతకు అమ్ముతారని, మిగతావారిని ఎంతకు కొంటారని అడిగారు. అమ్మేవారు సుమారు 7 డాలర్లు అడిగారు, కొనేవారు 3 డాలర్లు కూడా ఇవ్వలేదు. కప్పు చేతికొచ్చి కొద్ది నిమిషాలే అయింది. ఇక రెండేళ్లుగా అల్మారాలో ఉన్న చీర సంగతి ఆలోచించండి. 1,400 పెట్టి కొన్నారు, 2,100 చీటీ వేశారు, అమ్ముడుపోలేదు. ఎవరో 1,100కు అడిగారు. ‘మూడొందలు నష్టానికి ఇవ్వమంటారా’ అని యజమాని మడతపెట్టి లోపల పెట్టేశాడు. ఏడాది తరువాత ఎలాగో 1,400కు అమ్మి, నష్టం లేకుండా బయటపడ్డాననుకున్నాడు. నిజంగా లెక్క వేద్దాం. ఆ 1,100 తీసుకుని కదిలే సరుకులో పెట్టి, ఖర్చులు పోను తిప్పుకు పది శాతం మిగిలేలా ఏడాదికి మూడుసార్లు తిప్పి ఉంటే 1,210, తరువాత 1,331, ఏడాది చివరికి 1,464. అల్మారా జాగా, టోకు వ్యాపారికి కట్టిన వడ్డీ ఇందులో కలపనే లేదు. కొన్న ధర గతంలో కలిసిపోయింది, ఇక అది ఏ నిర్ణయాన్నీ శాసించకూడదు. అయినా మనసు దాన్నే పట్టుకుని వేలాడుతుంది, ఎందుకంటే 1,100కు అమ్మిన క్షణాన నష్టం చీటీ మీదికి ఎక్కుతుంది. అమ్మకపోతే నష్టం ఇంకా జరగనట్టే ఉంటుంది.

పెట్టిన డబ్బు కోసం ఇంకా డబ్బు పెట్టడం దీనికి అన్నలాంటిది. హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ 1985లో ప్రచురించిన పరిశోధనలో అమెరికాలోని ఒహాయో విశ్వవిద్యాలయ నాటకశాల సీజన్ టికెట్లతో ఒక పరీక్ష పెట్టారు. అందరూ పూర్తి ధర ఇవ్వడానికి సిద్ధపడి వచ్చినవారే. కొందరికి ముందుగా చెప్పకుండా ధర తగ్గించారు. పూర్తి ధర కట్టినవారు సీజన్ మొదటి సగంలో తగ్గింపు పొందినవారి కంటే ఎక్కువ నాటకాలు చూశారు. నాటకం అదే, కట్టిన డబ్బే వారిని లాక్కొచ్చింది. ఇంటీరియర్‌కు లక్షలు పోసిన రెండో బ్రాంచి నెలనెలా అద్దె మింగుతున్నా మూయలేకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. అసలా బ్రాంచి తెరిచేటప్పుడు పనిచేసిన మొగ్గు మరొకటి. ఆర్నాల్డ్ కూపర్, ఇద్దరు సహ పరిశోధకులు 1988లో ప్రచురించిన సర్వేలో సుమారు 3,000 మంది అమెరికన్ వ్యాపారులను అడిగితే, తమ గెలుపు అవకాశాలు పదిలో ఏడుకు తగ్గవని 81 శాతం మంది అన్నారు. పదికి పది అన్నవారు మూడో వంతు. తమలాంటి ఇతరుల వ్యాపారానికి పదిలో ఏడుకు తగ్గని అవకాశాలిచ్చినవారు మాత్రం 39 శాతమే. రోడ్డు మీద నడుస్తున్న బిర్యానీ హోటళ్లు మనకు కనిపిస్తాయి. ఆ షట్టర్ల కిందే మూతపడి పేరు మారిన హోటళ్లు కనిపించవు. నిలిచినవారిని చూసి వేసిన అంచనాలో పడిపోయినవారి లెక్క ఉండదు.

చివరిది, బహుశా అన్నిటికంటే ఖరీదైనది, గమనించకపోవడం. కెన్యాలో లోరీ బీమన్, జెరెమీ మాగ్రూడర్, జొనాథన్ రాబిన్సన్ చిన్న వ్యాపారుల మీద చేసి 2014లో ప్రచురించిన పరిశోధన చెప్పే సంగతి వింటే నవ్వొస్తుంది. చిల్లర లేక తిప్పి పంపిన బేరాల వల్ల ఆ కొట్లు లాభంలో 5 నుంచి 8 శాతం దాకా పోగొట్టుకుంటున్నాయి. చిల్లర తెచ్చిపెట్టుకోవడానికి ఖర్చు లేదు, మూలధనం అక్కర్లేదు. పరిశోధకులు వారం వారం వచ్చి ‘చిల్లర లేక ఎన్ని బేరాలు పోయాయి’ అని అడగడం మొదలుపెట్టారు. ఆ ప్రశ్న ఒక్కటే చాలామంది పద్ధతి మార్చింది. ఇండోనేషియాలో సముద్రపు నాచు పండించే రైతుల మీద రెమా హన్నా, సెంధిల్ ములైనాథన్, జాషువా ష్వార్ట్‌జ్‌స్టైన్ చేసిన అధ్యయనమూ 2014 నాటిదే. నాటే తునక బరువు దిగుబడిని మారుస్తుంది. ఏళ్లుగా సాగుచేస్తున్నా చాలామంది తమ తునక ఎంత బరువో చెప్పలేకపోయారు. వారి మడిలోనే పరీక్ష చేసి చూపినా సాగు పద్ధతి మారలేదు. ఫలితాలను విడదీసి ‘ఇదిగో ఈ బరువు దగ్గర లాభం’ అని చూపాకే మారింది. కళ్లెదుట ఉన్నా, అది ముఖ్యమని తెలియకపోతే మనిషి చూడడు.

ఇంతవరకు చెప్పినదానికి గట్టి ఆక్షేపణలు ఉన్నాయి. మొదటిది అనుభవం గురించి. ముప్పయ్యేళ్లు కొట్లో కూర్చున్నవాడికి ఈ పొరపాట్లు ఉంటాయా అని అడగవచ్చు. దీనికి ఆధారం ఉంది. జాన్ లిస్ట్ 2003లో క్రీడాకారుల బొమ్మల కార్డులు, జ్ఞాపికలు అమ్ముకునే బజారులో పరీక్షించి, చేతిలో వస్తువుకు ఎక్కువ విలువ కట్టే అలవాటు కొత్తవారిలో ఉందని, రాటుదేలిన వర్తకుల్లో దాదాపు లేదని చూపాడు. కాబట్టి అనుభవం నేర్పుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఏది నేర్పుతుంది? రోజుకు వందసార్లు చేసే పని, ఫలితం వెంటనే తెలిసే పని నేర్పుతుంది. బేరంలో ఎక్కడ దిగాలో, ఏ ముఖానికి అరువు ఇవ్వాలో పాత వర్తకుడికి తెలిసినంత ఏ ఆచార్యుడికీ తెలియదు. రెండో బ్రాంచి తెరవడం, పదేళ్ల లీజు రాయడం, కొత్త వ్యాపారంలోకి దిగడం జీవితంలో రెండు మూడుసార్లు జరిగేవి. వాటి ఫలితం తెలిసేసరికి కారణాలు పది కలిసిపోతాయి. కెన్యా దుకాణదారులకూ, నాచు రైతులకూ అనుభవానికి లోటు లేదు. రాని బేరం, పోయిన లాభం ఎవరికీ పాఠం చెప్పవు, ఎందుకంటే అవి కనిపించవు.

రెండో ఆక్షేపణ: ఇవన్నీ అమెరికా కళాశాల విద్యార్థుల మీద చేసిన ప్రయోగాలు, కొన్ని మళ్లీ చేస్తే నిలవలేదు కూడా. ఈ అనుమానం ఆరోగ్యకరం. జామ్ సూత్రాన్ని నేను పక్కన పెట్టింది అందుకే. కానీ నా వాదానికి కప్పుల ప్రయోగం కంటే ముఖ్యమైన ఆధారం కెన్యా కొట్లలో, ఇండోనేషియా తీరంలో, కాసేపట్లో చెప్పబోయే డొమినికన్ రిపబ్లిక్‌లో, మన పొరుగున చెన్నైలో దొరికినది. అవి నిజం వ్యాపారులు నిజం డబ్బుతో చేసిన పనులు.

మూడోది అన్నిటికంటే లోతైనది. జర్మన్ మనస్తత్వవేత్త గెర్డ్ గిగరెంజర్ చాలాకాలంగా అంటున్నాడు: మీరు దోషాలంటున్నవి నిజానికి తక్కువ సమాచారంతో త్వరగా తేల్చుకోవడానికి మనిషి పెంచుకున్న చురుకైన ఉపాయాలు, వాటిని ప్రయోగశాల కొలతతో తప్పుపట్టకండి అని. దీనికి తోడు, ఆశావాదమే లేకపోతే ఎవడు కొట్టు తెరుస్తాడని మరో ప్రశ్న. రెంటిలోనూ నిజముంది. ‘నేడు నగదు, రేపు అప్పు’ అన్న బోర్డు మొండి సూత్రమే, అయినా ఎన్నో కొట్లను నిలబెట్టింది. నేను సూత్రాలను వదిలేయమనడం లేదు. ఏ సూత్రం ఎక్కడ పనికొస్తుందో చూసుకోమంటున్నాను. ఆశావాదానికీ చోటుంది: నిర్ణయం అయిపోయాక పని చేసేటప్పుడు అది బలం, నిర్ణయం తీసుకునే గంటలో మాత్రం కళ్లను కప్పిన పొర.

నాలుగో ఆక్షేపణ వర్తక సంఘాల నుంచి వస్తుంది. మా కష్టం మనసుది కాదు మూలధనానిది, పెద్ద మాల్స్‌తోనూ ఆన్‌లైన్ కంపెనీలతోనూ పోటీది అంటారు. ఇందులో సగం ఒప్పుకోవాలి. శ్రీలంకలో సురేశ్ డి మెల్, డేవిడ్ మెకెంజీ, క్రిస్టఫర్ వుడ్రఫ్ చిన్న వ్యాపారులకు మూలధనం ఇచ్చి చూసి 2008లో ప్రచురించిన ఫలితం ప్రకారం, అలా పెట్టిన డబ్బు మీద రాబడి నెలకు సుమారు 5 శాతం. డబ్బు కొరత నిజం. కానీ చెన్నై వీధి వర్తకుల సంగతి చూడండి. వెయ్యి రూపాయలు పొద్దున అప్పు తెచ్చి సరుకు కొని, పదకొండొందలకు అమ్మి, సాయంత్రం యాభై వడ్డీ కట్టే వర్తకురాలు రోజుకు ఐదు రూపాయలు వెనకేసి, అంతమేరకు అప్పు తగ్గించుకుంటూ పోతే, మిగిలిన వడ్డీ కూడా కలిసి సుమారు 50 రోజుల్లో అప్పు తీరిపోతుంది. అలా తీర్చుకున్నవారు అరుదు. డీన్ కార్లన్, ములైనాథన్, బెంజమిన్ రోత్ భారత్‌లోనూ ఫిలిప్పీన్స్‌లోనూ ఇలాంటి వర్తకుల వడ్డీ అప్పులు తామే తీర్చి చూశారు. చాలామంది ఆరు వారాల్లో మళ్లీ అప్పులో పడ్డారు. దీన్ని వారి అవివేకం కింద జమకట్టడం అన్యాయం. ఇంట్లో ఒక జ్వరం, ఒక పెళ్లి, ఒక వాన చాలు ఆ యాభై రోజుల వరస తెగడానికి. కటకట బతుకులో మనసు రేపటిని చూసే చూపు కోల్పోతుందని ములైనాథన్, ఎల్డార్ షఫీర్ తమ పుస్తకంలో వివరించారు. నేను తీసుకునే నిర్ధారణ ఇదీ: డబ్బు అవసరమే, డబ్బు ఒక్కటే చాలదు. వచ్చిన డబ్బు నిలవడానికి ఒక ఏర్పాటు కావాలి.

ఆ ఏర్పాటు ఏమిటి? మొగ్గుల గురించి పాఠం చెబితే మనుషులు వాటి నుంచి బయటపడతారని నాకు నమ్మకం లేదు. తన తీర్పు కూడా ఇలాగే ఒరుగుతుందని కానమనే చాలాసార్లు ఒప్పుకున్నాడు. పనిచేసినవి చిన్న చిన్న బయటి కట్టుబాట్లు. డొమినికన్ రిపబ్లిక్‌లో అలెహాండ్రో డ్రెక్స్‌లర్, గ్రెగ్ ఫిషర్, ఆంటొనెట్ షోర్ చిన్న వ్యాపారులను విడదీసి, కొందరికి పద్ధతి ప్రకారం అకౌంటింగ్ నేర్పారు, కొందరికి మోటు సూత్రాలు చెప్పారు. వాటిలో ముఖ్యమైనది, ఇంటి డబ్బు ఒక సొరుగులో, కొట్టు డబ్బు ఇంకో సొరుగులో పెట్టుకో, నీ జీతం నువ్వు నిర్ణయించుకుని అంతే తీసుకో అన్నది. 2014లో ప్రచురితమైన ఫలితాల్లో అకౌంటింగ్ పాఠం పెద్దగా ఏమీ మార్చలేదు. రెండు సొరుగుల సూత్రం లెక్కలను మెరుగుపరిచింది, గిరాకీ తగ్గిన వారాల్లో అమ్మకాలను కూడా నిలబెట్టింది. చిట్టా, ఆవర్జా రాసిన వర్తకులు మనకు తక్కువేమీ కాదు. అయితే ఆ పుస్తకాలు ఎవరు మనకు బాకీ, మనం ఎవరికి బాకీ అన్నదానికి జవాబు చెప్పేవి. ఏ సరుకు ఎన్నాళ్లుగా కదలలేదు, ఏ డిస్కౌంటులో ఎంత మిగిలింది అని అడిగితే చెప్పవు. ఇప్పుడు జీఎస్టీ లెక్క ఆడిటర్ దగ్గరికి పోతుంది, యూపీఐ డబ్బు క్యూఆర్ కోడ్ గుండా యజమాని పొదుపు ఖాతాలోకి పోతుంది. అదే ఖాతాలోంచి పిల్లల ఫీజు, బండి ఈఎంఐ కట్టేస్తున్నారు. రికార్డు మునుపటి కంటే పెరిగింది, సొరుగులు మాత్రం రెండూ ఒకటైపోయాయి.

కాబట్టి చేయదగినవి మామూలువే. వ్యాపారానికి విడిగా ఖాతా. ప్రతి సరుకు మీద కొన్న ధరతోపాటు వచ్చిన తేదీ. ఫలానా రోజులు దాటితే ఫలానా ధరకు తీసేయాలన్న నియమం, సరుకు దించిన రోజునే రాసిపెట్టుకోవాలి, ఎందుకంటే అప్పుడు దాని మీద మమకారం ఇంకా పుట్టలేదు. కొత్త బ్రాంచికి ముందే, ఎన్ని నెలలు ఎంత నష్టం వస్తే మూసేయాలో ఒక కాగితం మీద రాసి మరొకరి చేతికివ్వాలి. కొట్టు మూసేముందు ఈ రోజు లేదనిపించుకుని వెళ్లిన బేరాలు ఎన్నని రాసుకోవాలి. సేల్ అయిన మర్నాడు అమ్మకం అంకె పక్కనే మిగిలిన లాభం అంకె వేయాలి. వీటిలో ఏదీ ఖర్చుతో కూడింది కాదు. కష్టమల్లా యజమాని తన మాటను తానే రాతతో కట్టేసుకోవడానికి ఒప్పుకోవడం.

కొనేవాడి పట్ల ధర్మం గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ వ్యాపారంలో మోసపు ఎత్తుగడలను అరికట్టే మార్గదర్శకాలు ప్రకటించింది. లేని తొందర పుట్టించడం, అడగని వస్తువు బుట్టలో వేయడం, చివరి అంకంలో ధర పెంచడం వంటి 13 రకాలను అందులో పేర్కొన్నారు. పెద్దవాళ్లు ఇవి చేస్తుంటే మేం చేయకపోతే ఎలా బతకాలని చిన్నవ్యాపారి అడుగుతాడు. కోట్ల మందిలో రోజూ కొత్తవాడు దొరికే కంపెనీకి ఒకడు అలిగిపోతే లెక్కలేదు. నాలుగు వీధుల జనమే గిరాకీ అయిన కొట్టుకు ఒక్క ఇల్లు తిరిగి రాకపోతే ఏటా ఆ ఇంటి పచారీ ఖర్చు మొత్తం పోయినట్టే. అక్కడ నిజాయితీ ధర్మమే, లాభం కూడా.

వర్తక సంఘాలకు, బ్యాంకులకు నా విన్నపం ఒకటే. అమ్మకపు మెళకువల మీద తరగతులు ఇకమీదటా పెట్టండి. వాటితోపాటు, సంఘంలో ఉన్న పదిమంది వర్తకులు నెలకోసారి కూర్చుని ఒకరి పాత సరుకు పట్టీ ఒకరు చూసే ఏర్పాటు చేయండి. ఇతరుల మీద మన అంచనా మన మీద అంచనా కంటే నికార్సుగా ఉంటుందని కూపర్ లెక్కల్లోని ఆ 81, 39 చెబుతున్నాయి. పక్కవాడి బ్రాంచి నడవదని చెప్పగలిగిన తెలివి మనందరికీ ఉంది. ఆ తెలివిని మార్చి మార్చి వాడుకోవడం నేర్చుకుంటే, పెద్ద కంపెనీకి విభాగాలు చేసే మేలు చిన్నకొట్టుకు ఇరుగుపొరుగు చేస్తుంది.